పబ్బు కౌంటర్ మీద మీ బ్రాండు నిలవాలంటే: ఏ వస్తువు ఎంచుకోవాలి, ఎలా ఎంచుకోవాలి

బ్రిటన్‌లో పబ్బుకు వెళ్లినవారు సాధారణంగా బల్ల దగ్గర కూర్చుని వెయిటర్ కోసం ఎదురు చూడరు. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఏం కావాలో చెప్పి, అక్కడే డబ్బు చెల్లించి, గ్లాసు పట్టుకుని చోటు వెతుక్కుంటారు. ఫలానాదే తాగాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చినవారిని ఎవరూ మార్చలేరు. తక్కినవారు మాత్రం తమ వంతు కోసం నిలబడిన ఆ కాసేపట్లో కంటికి ఏది ఆనితే దాని వైపు మొగ్గుతారు. అందుకే జానెడు వెడల్పున్న ఆ కౌంటర్ అంచు కోసం పానీయాల కంపెనీలన్నీ పోటీ పడతాయి. బార్ రన్నర్లు (కౌంటర్ మీద పరిచే పొడవాటి పట్టీలు), బీర్ మ్యాట్లు (గ్లాసు కింద పెట్టే అట్టముక్కలు), పంపు మీది బిళ్లలు, పేరు ముద్రించిన గ్లాసులు, నీళ్ల కూజాలు, ఐసు బకెట్లు, అన్నీ ఆ పోటీలో పుట్టినవే.

మీరు ఒక చిన్న బ్రూవరీ సరుకును పబ్బులకు అమ్ముతూ ఉండవచ్చు. సొంతంగా జిన్నో రమ్మో తయారు చేయించి మార్కెట్లోకి దించుతూ ఉండవచ్చు. అక్కడే స్థిరపడి ఒక పబ్బు లీజుకు తీసుకున్న తెలుగువారూ కావచ్చు. ఎవరైనా సరే, ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మీ వస్తువు ఉండాలా పోవాలా అన్నది తేల్చేది తాగేవారు కాదు, కౌంటర్ వెనక నిలబడినవారు. వారి పనికి పనికొచ్చేది కౌంటర్ మీద ఉంటుంది. వారి చేతికి అడ్డం వచ్చేది శుక్రవారం రాత్రికల్లా నేలమాళిగలో ఖాళీ పీపాల పక్కకు చేరుతుంది.

యాష్‌ట్రే కథ ఇందుకు మంచి ఉదాహరణ. దశాబ్దాల పాటు బీరు కంపెనీలకు, విస్కీ కంపెనీలకు అదే ముఖ్యమైన ప్రచార వస్తువు. స్కాట్లండ్‌లో 2006 మార్చి 26న, ఇంగ్లండ్‌లో 2007 జూలై 1న పబ్బుల లోపల పొగ తాగడం నిషేధించగానే వాటి పని అయిపోయింది, వాటితోపాటు చోటూ పోయింది. విస్కీలో కలుపుకోవడానికి పెట్టే పింగాణీ నీళ్ల కూజా మాత్రం ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తుంది. నీళ్లు పోసుకునే అవసరం తీరలేదు మరి.

1. కేటలాగ్ కంటే ముందు టేపు తీయండి

పబ్బుకు రెండుసార్లు వెళ్లండి. ఒకసారి మంగళవారం మధ్యాహ్నం లాంటి ఖాళీ వేళలో, ఇంకోసారి శుక్రవారం రాత్రి. మొదటిసారి కొలతలు తీసుకోండి. కౌంటర్ వెడల్పు ఎంత, ఒక ట్యాపుకూ మరో ట్యాపుకూ మధ్య ఎంత ఖాళీ ఉంది, కింద డ్రిప్ ట్రేలు ఎక్కడున్నాయి, కార్డు మిషను ఎక్కడ పెడతారు, కౌంటర్ పైభాగం చెక్కా, రాగి రేకా, రాయా, ఇవన్నీ రాసుకోండి. రెండోసారి టేపు జేబులోనే ఉంచి, చేతులు ఎలా కదులుతున్నాయో చూడండి. నిండిన గ్లాసులు ఏ చోట దించుతున్నారు, జనం మోచేతులు ఎక్కడ ఆనిస్తున్నారు, ఖాళీ గ్లాసులు ఎక్కడ పోగవుతున్నాయి, నిమ్మముక్కల డబ్బా కోసం ఎటు వంగుతున్నారు. ఈ రెండో రాకలో తెలిసినంత సంగతి ఏ అమ్మకందారూ మీకు చెప్పడు.

అలాగే ఆ పబ్బు ఎవరిదో కనుక్కోండి. ఫ్రీ హౌస్ అయితే యజమాని ఎవరి సరుకైనా కొంటాడు, మీ మాట ఆయనతోనే. పబ్ కంపెనీకి కట్టుబడిన పబ్బు అయితే బీరు ఆ కంపెనీ నుంచే కొనాలి. అక్కడ నడిపేవారు ఎంత మంచివారైనా, జాబితాలో లేని బీరు పేరున్న రన్నరును పరవడంలో అర్థం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి పబ్బులు 500 గానీ అంతకుమించి గానీ ఉన్న కంపెనీలకు 2016 నుంచి పబ్స్ కోడ్ (నడిపేవారితో కంపెనీ న్యాయంగా నడుచుకోవాలనే నియమావళి) వర్తిస్తోంది. మీరే అలాంటి పబ్బు తీసుకున్నట్లయితే, మీ ఒప్పందం ఏ పానీయాలకు కట్టుబడి ఉందో, వేటికి స్వేచ్ఛ ఉందో ముందు చదువుకోండి. చాలా ఒప్పందాల్లో బీరుకున్న కట్టుబాటు జిన్, విస్కీ లాంటి స్పిరిట్లకు ఉండదు.

2. పానీయాన్ని బట్టి వస్తువు

కాస్క్ ఏల్‌కు, అంటే పీపాలోంచి చేతి పంపుతో లాగే సంప్రదాయ బీరుకు, పంపు మీది బిళ్లే ప్రాణం. పంపు పిడికి తగిలించే ఆ బిళ్లను చూసే తాగేవారు ఎంచుకుంటారు. పేరు, బ్రూవరీ, ఆల్కహాలు శాతం మూడూ రెండడుగుల దూరం నుంచి కనిపించాలి. పీపా అయిపోతే సిబ్బంది ఆ బిళ్లను వెనక్కు తిప్పేస్తారు. కౌంటర్ ముందు నిలబడి వెనక్కు తిరిగిన బిళ్లను చూసి నిట్టూర్చడం బ్రిటిష్ తాగుబోతులకు బాగా అలవాటైన బాధ. బిళ్ల వెనక వైపు సాధారణంగా ఖాళీగా ఉంటుంది. అక్కడ ‘త్వరలో మళ్లీ’ అని రెండు మాటలు ముద్రించేవారు ఉన్నారు, ఖర్చు లేని తెలివి అది.

లాగర్‌కు (లేత రంగు బీరు), స్టౌట్‌కు (నల్ల బీరు) ట్యాపు మీది గుండ్రని బ్యాడ్జీ ఉంటుంది కాబట్టి అదనంగా కావలసింది రన్నరు, గ్లాసు. విస్కీకి కూజా. జిన్నుకు పెద్ద గిన్నెలాంటి కాడ గ్లాసు, ఐసు బకెట్టు.

సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టిన పానీయం) విషయంలో మ్యాగ్నర్స్ కంపెనీ చేసినది గమనించండి. 2006 వేసవిలో బ్రిటన్‌లో ఆ ఐరిష్ సైడర్ విరగబడి అమ్ముడైంది. పింటు (568 మిల్లీలీటర్లు) సీసా, దాని పక్కన ఐసు నింపిన పింటు గ్లాసు ఇచ్చేవారు. గ్లాసులో ఐసు ఉంటే సీసా మొత్తం ఒక్కసారి పట్టదు. అందుకని మిగిలిన సీసాను తాగేవారు బల్ల మీదికి పట్టుకెళ్లేవారు, లేబులు బయటికి కనిపిస్తూ అక్కడే నిలబడేది. పక్క బల్లవారికి అదే ప్రకటన. మీ పానీయాన్ని అందించే పద్ధతిలోనే ఇలాంటిది ఏదైనా ఉందేమో వెతకండి. ఉంటే సగం వస్తువులు కొనక్కర్లేదు.

3. బార్ రన్నరు

కొనేది ఒక్కటే అయితే ఇదే కొనండి. కౌంటర్ మీద పొడవుగా పరిచే ఈ పట్టీ, గ్లాసు దించినప్పుడు ఒలికిన నురగను పీల్చుకుంటుంది, గ్లాసు జారకుండా పట్టుకుంటుంది. సుమారు 89 సెంటీమీటర్ల పొడవు, 24 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది ఎక్కువగా వాడుకలో ఉంది. మీరు తీసిన కొలతలతో పోల్చుకోండి. ట్యాపుల మధ్య ఖాళీ అంతకంటే తక్కువైతే చిన్నది కావాలి. మడత పడిన రన్నరు మీద గ్లాసు ఒరిగితే ఆ రాత్రే దాన్ని తీసేస్తారు.

రకాలు ముఖ్యంగా రెండు. పైన పాలియెస్టర్ నూలు, అడుగున నైట్రైల్ రబ్బరు ఉన్నది ఒకటి. రంగులు చక్కగా పలుకుతాయి, తడి పీల్చుకుంటుంది, మిషనులో ఉతకవచ్చు. పూర్తిగా రబ్బరుతోనో పీవీసీతోనో చేసినది రెండోది. ఇందులో చిన్న చిన్న పళ్ల మధ్య ద్రవం నిలుస్తుంది, సింకులో కడిగి ఆరబెడితే చాలు. రద్దీ పబ్బులో పోసే చోట రబ్బరు రకం, జనం నిలబడే చోట నూలు రకం పెట్టమని నా సలహా. ఏ రకమైనా చోటుకు రెండేసి ఇవ్వండి. ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి కౌంటర్ మీద ఉండాలి. ఒక్కటే ఇస్తే దాన్ని ఉతకరు, మూడో వారానికి పులిసిన బీరు కంపు కొడుతుంది, ఆ కంపుతోపాటు మీ పేరు జ్ఞాపకం ఉంటుంది.

డిజైను దగ్గర చాలామంది కంప్యూటర్ తెర మీద అందంగా ఉందని సరిపెట్టుకుంటారు. అసలు కౌంటర్ మీద దాన్ని చూసే కోణం వేరు. రన్నరు మధ్యభాగం గంటల తరబడి గ్లాసుల కింద ఉంటుంది. కాబట్టి పేరును నడిమధ్య ఒక్కసారి పెద్దగా వేయకుండా, రెండు చివరలా వేయండి. అక్షరాలు తాగేవారి వైపు నుంచి చదివేలా ఉండాలి, పోసేవారి వైపు నుంచి కాదు. ఈ చిన్న మాట ప్రెస్సువారికి రాతపూర్వకంగా చెప్పండి.

నూలు రన్నర్ల మీద రంగును వేడితో బట్టలోకి ఎక్కిస్తారు. ఆ పద్ధతిలో తెలుపు రంగు ముద్రణ ఉండదు, తెల్లగా కనిపించేది అచ్చు పడని బట్టే. అంటే మీ లోగోలో తెలుపు ఎంత ఎక్కువ ఉంటే మరక అంత త్వరగా కనిపిస్తుంది. పబ్బులో కూరలు వడ్డిస్తే ఇది ఇంకా ముఖ్యం. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్ ప్రాంతాల్లో పంజాబీలు నడిపే దేశీ పబ్బులు పేరుపడ్డవి. ఇనుప పళ్లెంలో బుసలు కొడుతూ మిక్స్‌డ్ గ్రిల్ (కాల్చిన రకరకాల మాంసం ముక్కలు) వస్తుంది, చేతులు తుడుచుకోకుండానే జనం రెండో పింటుకు కౌంటర్ దగ్గరికి వస్తారు. లేత రంగు నూలు మీద ఆ పసుపు వేలిముద్ర పడితే ఏ సబ్బుకూ లొంగదు. అలాంటి చోటికి ముదురు ఆకుపచ్చో, నలుపో, ముదురు ఎరుపో తీసుకోండి.

ఇంకొకటి, దూరం నుంచి మనిషి అక్షరాలు చదవడు, ఆకారం గుర్తుపడతాడు. బ్రిటన్‌లో 1876లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు బాస్ బ్రూవరీ వారి ఎర్ర త్రికోణం. ఇప్పటికీ దాన్ని చూడగానే పోల్చుకుంటారు. మీ గుర్తులో నాలుగు రంగులు, పూలు, రిబ్బన్లు, స్థాపించిన సంవత్సరం అన్నీ ఉంటే, రన్నరు కోసం అందులోంచి ఒక్క ఆకారాన్ని బయటికి తీయండి.

4. బీర్ మ్యాట్లు

గ్లాసు కింద పెట్టే ఈ అట్టముక్కలు చవక, తేలిక, వేల సంఖ్యలో పంచవచ్చు. చెక్కగుజ్జుతో మ్యాట్లు చేసే పద్ధతికి డ్రెస్డెన్ నగరానికి చెందిన రాబర్ట్ స్పుట్ 1892లో పేటెంటు తీసుకున్నాడు. బ్రిటన్‌లో వాట్నీ బ్రూవరీ 1920లో తన బీరు ప్రచారానికి వాడింది. నూరేళ్లు దాటినా వస్తువు పెద్దగా మారలేదు.

ఇక్కడ చూడవలసింది అట్ట నాణ్యతే. సుమారు 94 మిల్లీమీటర్ల చదరమో వృత్తమో, 1.4 మిల్లీమీటర్ల దగ్గర మందం ఉంటే సరిపోతుంది. పలచనిది తడవగానే గ్లాసుకు అంటుకుని పైకి లేచి, తాగేవారి ఒళ్లో పడుతుంది. మెరుపు పూత వేయించవద్దు. నిగనిగలాడుతుంది కానీ తడిని పీల్చదు, మ్యాటు ఉన్నది పీల్చడానికే కదా. రెండో వైపును ఖాళీగా వదిలినా మంచిదే, దాని మీద జనం ఫోను నంబర్లు రాసుకుంటారు, పేకాట లెక్కలు వేసుకుంటారు. లేదా క్విజ్ ప్రశ్న వేయండి. అక్కడి పబ్బుల్లో వారానికొక రాత్రి క్విజ్ పెట్టడం మామూలే, ప్రశ్న ఉన్న మ్యాటును ఎవరైనా తిప్పి చూస్తారు. కొన్ని మ్యాట్లు ఊగే బల్ల కాలి కిందికి పోతాయి. ఆ లెక్క కూడా వేసుకునే ఆర్డరు ఇవ్వండి.

5. గ్లాసులు: ఇక్కడ చట్టం ఉంది

పేరు ముద్రించిన గ్లాసు తాగేవారి చేతిలో చివరి గుక్క దాకా ఉంటుంది కాబట్టి ప్రచారానికి దాన్ని మించింది లేదు. తప్పు చేస్తే ఖరీదైనదీ అదే.

బ్రిటన్‌లో ట్యాపు బీరును పింటులో మూడో వంతు, సగం, మూడింట రెండు వంతులు, పింటు కొలతల్లోనే అమ్మాలి. గ్లాసునే కొలతగా వాడే చోట, అంటే చాలా పబ్బుల్లో, ఆ గ్లాసు మీద కొలత ధ్రువీకరణ ముద్ర తప్పనిసరి. యూకేసీఏ (బ్రిటన్ ప్రమాణం) లేదా సీఈ (యూరప్ ప్రమాణం) గుర్తు, దాని పక్కన ఎం అక్షరం, ఏడాది చివరి రెండంకెలు ఉంటాయి. పాత గ్లాసుల మీద కిరీటం గుర్తు కనిపిస్తుంది. పెళ్లిళ్లకు, ఆఫీసు కానుకలకు గ్లాసులు ముద్రించే దుకాణంలో ఆర్డరిస్తే ఆ ముద్ర లేని గ్లాసులు వస్తాయి. వాటిలో ట్యాపు బీరు పోసి అమ్మితే పబ్బు నడిపేవారు చిక్కుల్లో పడతారు, వారు మీ మొహం మళ్లీ చూడరు. జిన్, రమ్, వోడ్కా, విస్కీలు 25 లేదా 35 మిల్లీలీటర్లలోనూ వాటి రెట్టింపుల్లోనూ అమ్ముతారు. అందుకని మీ పేరుతో కొలత కప్పులు చేయించినా ముద్ర ఉన్నవే కావాలి, ఆ పబ్బు వాడే కొలతకు సరిపోయినవే కావాలి.

తర్వాత గ్లాసులు కడిగే మిషను. దాని బుట్టలు ఎక్కువగా 40 లేదా 50 సెంటీమీటర్ల చదరంగా ఉంటాయి. కాడ పొడవైన గ్లాసు తలుపు ఎత్తులో పట్టకపోతే చేత్తో కడగాలి. రద్దీ వేళ చేత్తో కడగవలసిన గ్లాసును సిబ్బంది అలమార పై అరలోకి నెట్టేస్తారు. ముద్రణ కొలిమిలో కాల్చినదై ఉండాలి. అంటించిన స్టికరు లాంటిది అయితే కొన్ని వందల ఉతుకులకు పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. లాగర్ గ్లాసయితే అడుగున లేజరుతో గీసిన గరుకు ముద్ర అడగండి. అక్కడి నుంచి బుడగలు లేస్తూ నురగ నిలుస్తుంది.

అందమైన గ్లాసులు బ్యాగుల్లోకి మాయమవుతాయి. దాన్ని దొంగతనం అని బాధపడేవారు ఉన్నారు, ప్రచారం అనుకునేవారూ ఉన్నారు. 1953లో వచ్చిన బేబీచామ్ అనే పానీయానికి లేడిపిల్ల బొమ్మతో ఇచ్చిన గ్లాసులను ఇవాళ పాతసామాన్ల సంతల్లో డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. నష్టం భరించేది మీరా పబ్బా అన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి.

6. కొనకుండా ఉంటే మంచివి

ప్లాస్టిక్ కలుపుపుల్లలను ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరు నుంచి నిషేధించారు. ఇంకా అమ్మజూపేవారు ఉంటే చెక్కవో లోహపువో అడగండి. ఎల్‌ఈడీ దీపాల బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, తడి కౌంటర్ మీదుగా తీగ లాగాలి, విద్యుత్ పరీక్ష చేయించాలి. బ్యాటరీవైతే మొదటి బ్యాటరీ అయిపోయాక మార్చే నాథుడు ఉండడు. అడుగు ఎత్తున్న స్టాండ్లు పోసేవారికీ తాగేవారికీ మధ్య గోడలా నిలుస్తాయి. గోలగా ఉన్న పబ్బులో ఆర్డరు వినబడాలంటే మొహం కనబడాలి, అందుకే వాటిని మొదటి రాత్రే పక్కకు పెడతారు. సీసా మూతలు తీసే ఓపెనర్లకు మాత్రం ఎప్పుడూ కొరతే, ఎన్ని ఇచ్చినా తీసుకుంటారు.

7. మాట, బొమ్మ

పరిశ్రమే 1989లో స్థాపించుకున్న పోర్ట్‌మన్ గ్రూప్ ఒక నియమావళి నడుపుతోంది. పానీయం పేరు, ప్యాకింగుతోపాటు కౌంటర్ మీది ప్రచార వస్తువులు కూడా దాని కిందికి వస్తాయి. 18 ఏళ్ల లోపు వారిని ఆకర్షించే బొమ్మలు కూడదు. ప్రధానంగా కనిపించే మనుషులు 25 ఏళ్లు దాటినవారై ఉండాలి, చూడటానికీ అలాగే ఉండాలి. తాగితే ధైర్యం వస్తుందనో, ఆడవారు వెంటపడతారనో, ఆరోగ్యానికి మంచిదనో సూచించకూడదు. ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు. తప్పు తేలితే ఆ సరుకు తీసుకోవద్దని దుకాణాలకు, పబ్బులకు ప్రకటన వెళుతుంది. డిజైను అచ్చుకు వెళ్లకముందే వారికి పంపితే ఉచితంగా సలహా చెబుతారు, వాడుకోండి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో లైసెన్సు షరతులు కూడా ఉన్నాయి. మత్తెక్కడాన్ని మెచ్చుకుంటున్నట్లు రాసిన పోస్టర్లు, గడువు పెట్టి తాగించే పందేలు అక్కడ కుదరవు. ‘ఒక్క గుక్కకే గాల్లో తేలతారు’ వంటి వాక్యం మీకు ఎంత చమత్కారంగా తోచినా రన్నరు మీదికి రానివ్వవద్దు. పోయేది మీ అచ్చు ఖర్చు ఒక్కటే కాదు, పబ్బు లైసెన్సు కూడా.

ఇవన్నీ చదివి హైదరాబాదులోనూ ఇదే పని చేద్దామనుకునేవారికి ఒక మాట. మన దగ్గర మద్యం ప్రకటనల మీద ఆంక్షలు ఇంతకంటే కఠినం. టీవీలో నేరుగా ప్రకటన ఇవ్వడానికి వీల్లేకనే సోడాలు, మ్యూజిక్ సీడీల పేర్లతో ప్రకటనలు వచ్చాయి. అక్కడి పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తేవద్దు, ఎక్సైజు నిబంధనలు తెలిసిన లాయరును అడగండి.

8. నమూనా తెప్పించి పాడుచేయండి

పెద్ద ఆర్డరుకు ముందు ప్రతి వస్తువుకూ రెండు నమూనాలు తెప్పించండి. ఒకటి దాచి ఉంచండి, రెండోదాన్ని వీలైనంత హింసించండి. రన్నరు మీద అర పింటు బీరు, కాస్త కోలా పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున వాసన చూడండి, 40 డిగ్రీల దగ్గర ఉతకండి, ఆరాక పరచి చూడండి. అంచులు పైకి చుట్టుకుంటే ఆ సరుకు వద్దు. మ్యాటును నీళ్లలో ముంచి, పైన గ్లాసు పెట్టి ఎత్తండి. గ్లాసును మిషనులో పదేపదే వేసి, దాచిన నమూనా పక్కన పెట్టి రంగు పోల్చండి.

9. పెట్టెను గుమ్మం దగ్గర వదిలి రావద్దు

సరుకు వచ్చాక మీరే వెళ్లి పరచండి. మధ్యాహ్నం నాలుగింటి ముందు వెళ్లండి, సిబ్బందికి తీరిక ఉంటుంది. షిఫ్టు చూసే మేనేజరును పలకరించి, రన్నరు ఎలా ఉతకాలో, గ్లాసు ఏ పానీయానికో రెండు ముక్కల్లో చెప్పండి. వారికి నచ్చని వస్తువు ఏదో అడిగి తెలుసుకుని అక్కడికక్కడే వెనక్కు తీసుకోండి. వేరే కంపెనీ వస్తువును తీసేసి మీది పెట్టే పని మాత్రం చేయకండి. ఆ ప్రతినిధి కూడా రేపు వస్తాడు, చివరికి మేనేజరు ఇద్దరివీ తీసేస్తాడు.

ఫలితం కావాలంటే గల్లా లెక్కలే అడగాలి. వస్తువులు పెట్టకముందు నాలుగు వారాలు, పెట్టాక నాలుగు వారాలు మీ పానీయం ఎంత అమ్ముడైందో చూడండి. వస్తువులు పెట్టని, అదే తీరున్న ఇంకో పబ్బు లెక్క పక్కన పెట్టుకోండి. ఎండ కాసిన వారమో, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారమో ఒక్క పబ్బు లెక్కను తలకిందులు చేస్తుంది. నెల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు కౌంటర్ మీద ఏది మిగిలిందో చూసి, రెండో ఆర్డరు దానికే ఇవ్వండి.

పానీయం జాబితాలోంచి పోయిన రోజున రన్నర్లు, బిళ్లలు మీరే వెనక్కు తెచ్చుకోండి. లేని సరుకును అడిగి కాదనిపించుకున్నవారి చిరాకు మీ పేరు మీదికే వస్తుంది. మిగిలిపోయిన మ్యాట్లను పారేయకండి. బ్రిటన్‌లో బీర్ మ్యాట్లు సేకరించేవారికి 1960 నుంచి ఒక సంఘమే ఉంది, అచ్చు ఆగిపోయిన మ్యాట్లంటే వారు చేతులు చాచి తీసుకుంటారు.